పాత 800కి కొత్త బీడింగులు: నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో దొరికింది

నాన్నగారి మారుతి 800, 1997 మోడల్. బెజవాడ ఎండలో, నీడ లేని చోట నిలబడే దీని వయసంతా గడిచింది. డోర్ బీడింగ్ (తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మీద గోరు గీస్తే నల్లగా మసి వచ్చేది. మడిచి చూస్తే ఎండిన చెరువు అడుగులా చీలికలు. పోయిన వానాకాలంలో డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి ముక్కవాసన మొదలైంది. అప్పటి నుంచి నా ఆదివారాలు దీనికే.

మొదట చేసింది తప్పే. టైర్లకు రాసే పాలిష్ బీడింగులకూ రాశాను. రెండ్రోజులు తళతళలాడి, ఆ తర్వాత దుమ్మంతా పట్టి జిడ్డయింది. కొబ్బరినూనె రాయమని చెప్పినవాళ్లూ ఉన్నారు, దానిదీ అదే కథ. ఎండకూ గాలిలోని ఓజోన్‌కూ చీలిన రబ్బరు ఏం రాసినా అతుక్కోదు. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచే రబ్బరును ఉంచుకోవచ్చు. నొక్కుకుపోయినట్టే ఉండిపోతే మార్చేయడమే. తలుపు సందులో పేపరు ముక్క పెట్టి, తలుపు వేసి లాగి చూడండి, బిగుతుగా రావాలి. మా బండిలో వెనక ఎడమ తలుపు ఒక్కటే పాసైంది. అటువైపు ఎక్కి దిగేవాళ్లు తక్కువ మరి.

ఆటోనగర్‌లో షాపాయన మొదటే చెప్పాడు: "సెట్టు తీసుకోండి సార్, మీటరు సరుకైతే మూలల్లో ముడత పడుద్ది." మూడు తలుపులకూ సెట్టులోవే తీసుకున్నాను. డిక్కీది దొరక్క మీటరు లెక్కన కొన్నా, ఆయన అన్నట్టే ఒక మూల ముడత పడింది. బిగించేటప్పుడు సాగదీయకూడదు. సాగదీసిన రబ్బరు తర్వాత మూలల్లో వెనక్కి లాక్కుని సందు ఇస్తుంది. అర అంగుళం ఎక్కువే ఉంచి, లోపలికి నెట్టుకుంటూ పోవాలి. అతుకు కింది వైపు రావాలి.

ఇంత చేసినా కార్పెట్ తడి ఆగలేదు. టెన్షన్ వచ్చేసింది. మా అబ్బాయికి నీళ్ల పైపు ఇచ్చి, నేను టార్చితో డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాను. కింది నుంచి మొదలుపెట్టి పైకి తడుపుతూ రమ్మన్నాను, అప్పుడే ఏ ఎత్తులో కారుతోందో తెలుస్తుంది. తలుపు దగ్గర ఏమీ లేదు. ముందు అద్దం కింది మూలకు వచ్చేసరికి ఒక చుక్క ఊరింది. వైర్ల కట్ట వెంట మెల్లగా పాకి, క్లచ్ పెడల్ పైన ఆగి, టప్పున పడింది. ఆరు నెలలుగా నేను తలుపులను తిడుతున్నాను!

అద్దం తీస్తే రేకు అంచు తుప్పు. గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పెయింటు వేసి రెండు రోజులు ఆరనిచ్చాను. కొత్త రబ్బరును మొదట అద్దానికి తొడిగి, లోపలి గాడిలో నైలాన్ తాడు చుట్టాలి, తాడు కొసలు రెండూ కిందకి రావాలి. సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో తడుతుంటే లోపల ఒకరు తాడు లాగాలి. రబ్బరు లోపలి అంచు, అదే పెదవి, రేకు మీదకి దానంతటదే ఎక్కుతుంది. ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

ఇక ఫోమ్. బ్లోయర్ వేస్తే నల్లటి నలుసులు ముఖాన కొట్టేవి. ఏసీ పెట్టె చుట్టూ ఉన్న స్పాంజి ముట్టుకుంటే సున్నుండ పొడిలా రాలింది. మళ్లీ సోఫా స్పాంజి పెట్టకండి, చెమ్మ తాగి అదీ అలాగే అవుతుంది. ఊదితే గాలి అవతలికి పోని రకం కావాలి. ఏసీ పైపులకు చుట్టే నల్ల నైట్రైల్ షీటు నాకు సరిపోయింది. 9 మి.మీ. పెడితే మూత కూర్చోలేదు, 6 మి.మీ. సరిగ్గా సరిపోయింది. ఎస్ఆర్ 998 జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంత వరకూ ఆరనిచ్చి అతికించాను. బీడింగులకు రాసే సిలికాన్ గ్రీజు మాత్రం చిట్టచివరే. ముందే రాస్తే ఆ చేత్తో ముట్టుకున్న చోట జిగురు పట్టదు.

మొన్నటి వానకి కార్పెట్ పొడిగానే ఉంది. కాకపోతే కొత్త బీడింగు తలుపులు గట్టిగా వేస్తేగానీ పడటం లేదు. "నేను నడిపిన రోజుల్లో ఎవడైనా అలా వేస్తే దింపేసేవాణ్ణి" అంటున్నారు నాన్నగారు.