హెల్మెట్ లోపలున్న పిల్లతో మాటలు

మీ పిల్లలు కూడా కాస్‌ప్లే (సినిమా, కామిక్స్ పాత్రల్లా వేషం వేసుకోవడం) అంటున్నారా? అయితే డ్రెస్ ఎలా చేయాలి అన్నదానికన్నా ముందు, లోపలున్న పిల్ల బయటవాళ్ళతో ఎలా మాట్లాడుతుంది అన్నది చూసుకోండి. మా అమ్మాయిది తల మొత్తం కప్పేసే ఫోమ్ హెల్మెట్, అది పెట్టుకున్నాక మాట ముద్దముద్దగా వస్తుంది, పెదాలు కనబడవు కాబట్టి ఎదుటివాళ్ళు ఊహించుకోడానికీ ఉండదు, దానికేమో పక్కనుంచి ఎవరొస్తున్నారో తెలీదు, పైగా ఇలా వేషాలేసుకుని వెళ్ళే మేళాల్లో హాలంతా గోల. అందుకే ఇలాంటి కాస్ట్యూమ్ వేసినవాళ్ళ పక్కన ఒక మనిషి ఉండాలి, హ్యాండ్లర్ అంటారు. మా ఇంట్లో ఆ పని నాది.

మన ఇళ్ళలో పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాల్సిందొకటుంది. సరే అనడానికి మనం తల అటూ ఇటూ ఊపుతాం కదా, మన దేశం బయటే పుట్టినా మా పిల్లకి అది బాగా అలవాటైంది. ముఖం కనబడితే నవ్వు చూసి అర్థం చేసుకుంటారు, హెల్మెట్‌లో ఆ నవ్వు ఎవరికి కనబడుతుంది, ఊగే తలని చూసి వద్దంటోంది అనుకుని ఫోటో అడగడానికొచ్చిన చిన్నపిల్లలు మొహం వేలాడేసుకుని వెళ్ళిపోతారు. అందుకని అన్నీ చేతులతోనే. బొటనవేలు పైకెత్తితే సరే, రెండు చేతులు ఛాతీ ముందు ఇంటూ మార్కులా పెడితే వద్దు, నా భుజం తడితే బయటికి తీసుకెళ్ళమని. గ్లవ్స్ లావుగా ఉంటే వేళ్ళ సైగలు తెలీవు, చేయి మొత్తం కదిలే సైగలు పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ వద్దు అనే సైగే. పెద్దవాళ్ళు అడిగితే కాదనకూడదు అని పెరిగాం మనం, పిల్లలకీ తెలీకుండానే అదే నేర్పేస్తాం. కానీ కాస్ట్యూమ్‌లో ఉన్న మనిషిని బొమ్మ అనుకుని భుజమ్మీద చెయ్యేసేవాళ్ళు, కేప్ పట్టుకుని లాగేవాళ్ళు ఉంటారు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ అనే పెద్ద మేళాలో కాస్‌ప్లే వేసుకున్నంత మాత్రాన అనుమతిచ్చినట్టు కాదు అని బోర్డులే పెట్టారు. ఎంత పెద్దవాళ్ళైనా, మన బంధువులే అయినా, ముట్టుకునేముందు అడగాల్సిందే. పిల్ల చేతులు అడ్డం పెట్టిందంటే ఇంక మాటల్లేవు, నేను మధ్యలోకి వెళ్ళి నిలబడతా.

ఇంకో సంగతి, నాకు భలే సంతోషమైంది. ఇంట్లో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల హెల్మెట్ పెట్టుకోగానే నాతో తెలుగే! చుట్టూ అంతా ఇంగ్లీషు కదా, ఆ గోలలో తెలుగు ముక్క చెవిన పడితే అది అమ్మేనని టక్కున తెలుస్తుందట. నేను "మెట్టు", "ఆగు", "ఎడమకి" అంటా, అది "దాహం", "ఉక్కపోస్తోంది" అంటుంది, వేషమూ చెడదు, పక్కవాళ్ళకీ తెలీదు. ఇప్పుడు తనే కొత్త మాటలు అడిగి నేర్చుకుంటోంది. "ఊపిరాడట్లేదు" మాత్రం ముందే నేర్పండి, ఆ మాట వినబడగానే ఎక్కడున్నా హెల్మెట్ తీసేయాలి, ఫోటో కోసం ఎంతమంది లైన్లో ఉన్నా సరే.