ఛందాంసి యస్య పర్ణాని

మొన్న అమావాస్య సోమవారం మా వీధి చివరి గుళ్లో రావిచెట్టుకి ప్రదక్షిణలు చేస్తుంటే కాలికి గాజుపెంకు దిగింది. ఇంట్లో పగిలిన దేవుడి పటాలన్నీ తెచ్చి చెట్టు మొదట్లో పెట్టి, దణ్ణం పెట్టుకుని పోతారు మనవాళ్లు. పక్కనే ఒకావిడ మానుకి ఆనించి కర్పూరం వెలిగిస్తోంది. అక్కడ బెరడు మాడి, గోరు తగిలితే రాలుతోంది. కాస్త దూరంగా పెట్టమ్మా అన్నాను. "మొదట్లో బ్రహ్మ ఉంటాడు కదండీ!" అంది. మూలతో బ్రహ్మరూపాయ అని శ్లోకం చదువుతూనే ఆ బ్రహ్మ కాళ్లకి నిప్పు!

సంసారాన్ని తలకిందులుగా ఉన్న అశ్వత్థంతో, అంటే రావిచెట్టుతో పోల్చిన గీత పదిహేనో అధ్యాయం అనగానే అందరూ ఊర్ధ్వమూలం, అదే పైకున్న వేళ్ల దగ్గరే ఆగిపోతారు. నా మనసు మాత్రం ఆకుల మీదే. ఛందాంసి యస్య పర్ణాని అంటుంది శ్లోకం: వేదాలు ఆ అశ్వత్థానికి వేళ్లు కావు, మాను కాదు, ఆకులట! వేదమనే అర్థంలో వాడిన ఆ ఛందస్సుని ఆదిశంకరులు తన భాష్యంలో ఛాదనంతో, అంటే కప్పడంతో ముడిపెట్టారు. చెట్టుని ఆకులు కాపాడినట్టు సంసారవృక్షాన్ని వేదాలు కాపాడతాయన్నారు. రావాకుకి కాడ పొడుగు. మనకి గాలే లేదనిపించే మధ్యాహ్నం కూడా పైన గలగలమంటూనే ఉంటుంది, ఎవరో వల్లె వేసుకుంటున్నట్టు.

ఆ చప్పుడు ఆగిపోవడం ఒక్కసారే చూశాను. 2014 అక్టోబర్ 12న విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా. మర్నాడు వెళితే మాను నిలబడే ఉంది, కొమ్మలకి ఒక్క ఆకు లేదు. విశాఖలో నిలిచిన చెట్లు చాలావరకు అలాగే మోడులై ఉన్నాయి. రోజూ కూర్చునే అరుగు మీద ఎండ సూటిగా నెత్తిన పడుతుంటే, ఛాదనం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తర్వాత ఎర్రగా, అద్దంలా మెరుస్తూ చిగుళ్లు వచ్చాయి. చూసి ఏడ్చేశాను, సిగ్గెందుకు.

తుఫానుకి పడని చెట్టు మన భక్తికి పడిపోయేలా ఉంది. ఆ వృక్షాన్ని ఛేదించమని భగవంతుడే అన్నాడుగా అంటారేమో. అసంగశస్త్రంతో, అంటే వైరాగ్యమనే ఆయుధంతో అన్నాడండీ, కర్పూరంతో కాదు! దీపం ప్రమిదలో, అరుగు చివర పెట్టండి. దారాలు చుట్టకపోయినా ఫర్వాలేదు, చెంబుడు నీళ్లు పోయండి. పటాలు మాత్రం తేకండి.

ఆరోజు ఏరిన పెంకులతో ఒక బకెట్ నిండింది. ఇంకా సగం ఉన్నాయి. శనివారం పొద్దున్న ఆరింటికి మళ్లీ వెళ్తున్నా. వచ్చేవాళ్లు చీపురు తెచ్చుకోండి. అరుగు మీద చెప్పులు వేసుకోం కాబట్టి, చూసి అడుగెయ్యండి.