ఇంటి స్టోరేజీ సర్వర్: ముందు కార్డు, తర్వాతే ప్రాసెసర్

మా అన్నయ్య పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ఆ ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్కుల్లో పేరుకుపోయి ఉండేవి. వాటిలో ఒక్క డిస్కు పోయినా ఎవరి ఇంటి పెళ్ళో పోయినట్టే. అందుకే 8 టీబీ డిస్కులు ఆరింటిని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో రెయిడ్‌జెడ్2 పద్ధతిలో కలిపి, రెండు డిస్కులు ఒకేసారి పోయినా డేటా నిలిచే సర్వర్ ఇంట్లో పెట్టాలనుకున్నాను. డిస్కుల ఎంపిక తొందరగానే తేలింది: ట్రాకులను ఒకదాని మీదొకటి ఎక్కించి రాసే, తిరగరాతలో నెమ్మదించే ఎస్‌ఎంఆర్ వద్దు, పక్కపక్కన రాసే సీఎంఆర్ కావాలి. వాటిని దేనికి తగిలించాలన్న దగ్గరే ఎక్కువ కాలం పట్టింది.

చాలామంది ముందు ప్రాసెసర్ చూసుకుంటారు. నేను మాత్రం డిస్కులను తగిలించే కంట్రోలర్ కార్డుతో మొదలుపెట్టాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో అడిగితే, దుకాణాయన "బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డుంది, తీసుకోండి సార్" అన్నాడు. రెయిడ్ కార్డు డిస్కులను తనే కలిపి ఒక్కటిగా చూపిస్తుంది. మంచి కార్డే, కానీ జెడ్‌ఎఫ్‌ఎస్‌కు అది పనికిరాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డేటా బ్లాకుకూ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) పెట్టుకుంటుంది, ఎక్కడ చెడిందో తనే కనిపెట్టి సరిచేస్తుంది. అందుకు డిస్కు దానికి నేరుగా కనబడాలి. మధ్యలో రెయిడ్ కార్డు ఉంటే డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు కూడా చాలాసార్లు సరిగా అందవు. పైగా ఆ కార్డే కాలిపోతే, దానికి సరిపోయే మరో కార్డు దొరికేదాకా డేటా చేతికి రాదు.

చివరికి సెకండ్‌హ్యాండ్ ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు తీసుకున్నాను. డిస్కులను ఉన్నవి ఉన్నట్టు చూపించే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (కార్డును నడిపే లోపలి ప్రోగ్రాం) దానికి ఉంది. 20.00.07.00 వెర్షన్ ఎక్కించాను. పాతది చెరిపే ముందు కార్డు మీది స్టిక్కర్‌పై ఉన్న సాస్ అడ్రసు (ఆ కార్డు గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోవాలి, కొత్తది ఫ్లాష్ అవుతుండగా కరెంటు పోకూడదు. కేబుల్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. కార్డు వైపు మినీ సాస్ కనెక్టరు నుంచి, డిస్కులకు తగిలే నాలుగు సాటా కొనలుగా చీలే కేబుళ్ళలో ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలుంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఈ కార్డుకు ఫార్వర్డే పనిచేస్తుంది. ఇది సర్వర్ల హోరుగాలిలో బతకడానికి చేసిన కార్డు, కాబట్టి హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ కట్టాను. మీరూ తప్పకుండా కట్టండి.

ఇక ప్రాసెసర్. కరెంటు ఖర్చు చూస్తే ఇంటెల్ ఎన్100 మీదే మనసు పోతుంది. 6 వాట్ల చిప్, ఫైళ్ళు పంచడానికి దాని శక్తి చాలు. కానీ దానికున్న పీసీఐఈ లేన్లు (కార్డులకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారులు) మొత్తం 9 మాత్రమే, చాలా బోర్డుల్లో స్లాటుకు దక్కేది ఒకటో రెండో. నా కార్డు పీసీఐఈ 2.0, ఎనిమిది లేన్లది. ఒక్క లేన్ దొరికితే సెకనుకు 500 ఎంబీ కూడా రాదు.

గిగాబిట్ నెట్‌వర్క్ ఎలాగూ 110 ఎంబీ దగ్గర ఆగుతుంది కదా, ఇంకెందుకు అనిపించవచ్చు. డిస్కు పోయి కొత్తది పెట్టిన రోజున తెలుస్తుంది ఎందుకో. అప్పుడు పోయిన డేటాను మిగిలిన డిస్కుల సాయంతో కొత్తదాంట్లో మళ్ళీ నింపాలి, దీన్నే రీసిల్వర్ అంటారు. అందుకు డిస్కులన్నీ ఒకేసారి పరుగెత్తాలి. సెకనుకు 200 ఎంబీ చొప్పున 8 టీబీ నింపడానికి దాదాపు 11 గంటలు. ఆ 500 ఎంబీని ఆరు డిస్కులు పంచుకుంటే ఒక్కోదానికి 80 దాకా వస్తుంది, పని 27 గంటలు దాటుతుంది. మిగిలిన పాత డిస్కులు అంతసేపు ఆగకుండా శ్రమపడాలి. నన్ను భయపెట్టింది ఇదే.

అందుకే ప్రాసెసర్‌లోనే 16 లేన్లున్న ఐ3-9100 తీసుకుని, సీ246 చిప్‌సెట్ బోర్డు మీద పెట్టాను. ఈ జోడీకి, తనలో వచ్చే తప్పులను తనే దిద్దుకునే ఈసీసీ మెమరీ కూడా పనిచేస్తుంది. తర్వాతి తరం ఐ3-10100లో ఇంటెల్ ఆ సౌకర్యం తీసేసింది, కొత్తది కదా అని దానికి పోవద్దు. హెచ్.265 పద్ధతిలో కుదించిన వీడియోలను టీవీకి అనువుగా మార్చే పని ఇందులోని గ్రాఫిక్స్ చూసుకుంటుంది.

అసలు ఫైళ్ళు ఎక్కించే ముందు ఉత్తుత్తి డేటా నింపి, నడుస్తుండగానే ఒక డిస్కు కేబుల్ పీకి, ఖాళీ డిస్కు పెట్టి చూశాను. డిస్కులన్నీ కలిసిన పూల్ ఆగలేదు, రీసిల్వర్ ఒక్క లోపం లేకుండా పూర్తయింది.

రెయిడ్‌జెడ్ ఉన్నా బ్యాకప్ వేరే ఉండాల్సిందే. ఎడిట్ పూర్తయిన వీడియోల రెండో ప్రతిని అన్నయ్య స్టూడియోలో పెడుతున్నాం. అక్కడ రెండే డిస్కులు, అవి బోర్డు మీది సాటా పోర్టులకే సరిపోతాయి. అక్కడికి మాత్రం ఎన్100 తీసుకున్నాను.