కావ్లీ బహుమతి వెనక అద్దంలో గీసిన నక్షత్రం

2014లో న్యూరోసైన్స్‌లో (మెదడు శాస్త్రంలో) ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం కావ్లీ బహుమతిని ముగ్గురికి పంచారు: జ్ఞాపకశక్తిని పరిశోధించిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్, జాన్ ఒకీఫ్, మార్కస్ రైకల్. అప్పటికి మిల్నర్‌కు 95 నిండాయి. ఆమెకు పేరు తెచ్చిన పనికి పునాది 1950ల్లో కాగితం, పెన్సిలుతో పడింది. పురస్కార పత్రాల్లో ఒక్క వాక్యంతో తేల్చేసేవి ఆ పరీక్షలే. నిజానికి చదవాల్సినవీ అవే.

1953 ఆగస్టులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్జన్ విలియం స్కోవిల్ 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేశాడు. మెదడుకు రెండు పక్కలా ఉండే టెంపోరల్ లోబ్‌ల లోపలి భాగాలు, కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో చాలా మేర, తీసేశాడు. ఆ తర్వాత కొత్తగా జరిగేవి అతనికి గుర్తుండేవి కావు. 1955 ఏప్రిల్‌లో మిల్నర్ పరీక్షించినప్పుడు మొలైసన్ ఇది 1953 మార్చి అనీ, తన వయసు 27 అనీ చెప్పాడు. ఐక్యూ 112, జ్ఞాపకశక్తిని కొలిచే మెమరీ కోషెంట్ మాత్రం 67 (రెండింటికీ సగటు 100). ఐక్యూ ఒక్కటే చూసి ఊరుకుంటే మనిషి నిక్షేపంగా ఉన్నాడనే అనుకుంటాం.

584 అనే అంకెను మాత్రం అతను కాసేపు పట్టుకోగలిగాడు. ఎలాగంటే: మూడూ కలిపితే 17, ఎనిమిది తీసేస్తే 9, దాన్ని రెండుగా విడదీస్తే 5, 4; మధ్యలో 8 పెడితే 584. ఈ లెక్క మనసులో తిప్పుకుంటూ ఉన్నంతసేపే. ధ్యాస మళ్లిందా, అంకే కాదు, అంకె ఇచ్చారన్న సంగతే పోయింది. అందుకే మూడు మాటలు చెప్పి వెంటనే అడిగేస్తే ఇలాంటి రోగి సునాయాసంగా పాసవుతాడు. మధ్యలో వేరే పని పెట్టి, ఆ తర్వాతే అడగాలి.

ఇక నక్షత్రం. జంట గీతల నక్షత్రం అచ్చేసిన కాగితం, ఎదురుగా అద్దం, చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డు. రెండు గీతల మధ్యనే పెన్సిలు నడవాలి. గీత దాటితే తప్పు. మూలల దగ్గరే చెయ్యి మొరాయిస్తుంది, కన్ను ఒకవైపు చెబితే చెయ్యి ఇంకోవైపు లాగుతుంది. మొలైసన్ మూడు రోజుల పాటు గీశాడు. తప్పులు తగ్గుతూ వచ్చాయి. ముందు రోజు నేర్చుకున్నది మర్నాటికి నిలిచింది. ఇంతకుముందు చేసిన గుర్తు మాత్రం లేదు.

ఈ పరీక్ష చేయించేటప్పుడు రెండు చోట్ల పాడవుతుంది. అడ్డు పొట్టిగా ఉంటే రోగి పక్కనుంచి చేతిని చూసేస్తాడు, అది ఇక అద్దం పరీక్ష కాదు. రెండోది, “ఇది మీరు చేశారా?” అన్న ప్రశ్న పరికరం బయటపెట్టకముందే పడాలి, చూశాక అడిగితే తెలిసినదేమో అన్న ఊహతో జవాబు చెప్పొచ్చు. వణుకు, బలహీనత ఉన్న చేతికి సమయం లెక్కించి లాభం లేదు.

చేతికి అలవాటు కావడం వేరు, చేసిన సంగతి గుర్తుండటం వేరు అని నక్షత్రం చూపించింది. పునరావాసంలో దీని ప్రయోజనం సూటిగా ఉంది. జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్లకు ఫోన్ లాక్ తీయడం లాంటివి నేర్పేటప్పుడు “గుర్తు తెచ్చుకోండి” అని ఊహించమనకూడదు. తప్పుగా నొక్కితే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది, దాన్ని సరిదిద్దుకునే జ్ఞాపకం వాళ్ల దగ్గర ఉండదు. మొదట సరైన మెట్టు చూపించి చేయించాలి, సూచనలు ఆ తర్వాత ఒక్కొక్కటే తగ్గించాలి.