ఈ ఎండలో నడిచేదెవరు?

మొన్న అబుదాబిలో మేం డిజైన్ చేస్తున్న వీధి డ్రాయింగుల మీద మీటింగ్ జరిగింది. ఫుట్‌పాత్ పొడవునా మేం గీసిన నీడ పందిళ్లు చూసి క్లయింట్ తరఫు పెద్దాయన ఒకరు "ఈ ఎండలో నడిచేదెవరు? అవి తీసేసి పార్కింగ్ పెంచండి" అన్నారు. మర్యాదగానే జవాబు చెప్పాను గానీ నాకింకా కోపం తగ్గలేదు.

నడిచేదెవరంటే, కారు లేనివాళ్లందరూ. ఆఫీసులు తుడిచేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఎక్కువగా మనలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, చాలా మంచి రూలు. కానీ బస్సు కోసం నడిచేవాళ్లకి అది వర్తించదు కదా. ఏ సిగ్నల్ దగ్గరైనా చూడండి, రోడ్డు దాటాల్సినవాళ్లు లైటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు ఒదిగి నిలబడి ఉంటారు. అందరికంటే ఎక్కువసేపు ఆగేది అక్కడే, మనం గీసే నీడేమో అక్కడికి పది అడుగుల ముందే ఆగిపోతుంది! అక్కడిదాకా కప్పు వేస్తే డ్రైవర్ల చూపుకి అడ్డమంటారు. సన్నటి స్తంభాల మీద ఎత్తుగా కప్పు వేస్తే ఏం అడ్డమొస్తుంది?

అయినా కప్పు ఒక్కటే చాలదు. వేసవిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి గోడల నీడ గోడ మొదట్లోనే ఉండిపోతుంది, అప్పుడు కప్పు కావాలి. నాలుగు దాటాక ఎండ పడమటి నుంచి ఏటవాలుగా కొడుతుంది, కప్పు నీడ పక్కకి పోతుంది, అప్పుడు పడమటి వైపు చెట్టో, జాలీ గోడో ఉండాలి. అబుదాబిలోనే కొత్తగా కట్టిన మస్దార్ సిటీ అనే పేటలో వీధులు ఇరుకుగా కట్టింది భవనాలు ఒకదానికొకటి నీడ ఇవ్వాలనే. 2010లో వచ్చిన అబుదాబి వీధుల డిజైన్ మాన్యువల్ కూడా మొదటి స్థానం పాదచారికే ఇచ్చింది, కార్లు చివర. అంటే నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

చెట్లంటే అందరూ ఖర్జూరాలే గీస్తారు, వరసగా అందంగా ఉంటాయి గానీ వాటి కింద ఎంత నీడ ఉంటుంది? ఇక్కడి జాతీయ వృక్షం గాఫ్, అంటే సాక్షాత్తూ మన జమ్మి. వేళ్లు చాలా లోతుకి పోతాయి, తక్కువ నీళ్లతో బతుకుతుంది. ఆ సంగతి తెలిసిన రోజు దసరా గుర్తొచ్చి ప్రాణం ఎటో పోయింది. మన దగ్గర రోడ్ల వెడల్పు పేరుతో చింతలూ వేపలూ కొట్టేస్తుంటే, వీళ్లు ఇసుకలో పైపులేసి మరీ పెంచుతున్నారు.

కొత్త డ్రాయింగులో పందిళ్లు అలాగే ఉంచాను, సిగ్నళ్ల దాకా పొడిగించాను, పడమటి వరసంతా జమ్మి పెట్టాను. ఖర్చు లెక్క అడుగుతారు, అదీ సిద్ధం చేస్తున్నాను.