అద్దె లేటైందని మీ ఇంటికి తాళం వేసే హక్కు ఓనర్‌కి లేదు

రెండు నెలలు అద్దె కట్టలేకపోయిన వాళ్ళు చాలామంది చేసేదేంటంటే, ఓనర్ గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా నాలుగు మాటలు అనగానే సామాన్లు సర్దేసుకుని రాత్రికి రాత్రి ఏ చుట్టాలింటికో వెళ్ళిపోతారు. కోర్టు లేదు, నోటీసు లేదు, చేతిలో ఒక్క కాగితం లేదు, పరువు పోతుందన్న భయం తప్ప. ఇలాంటివి విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అద్దె బాకీ పడటం నేరం కాదండీ, అది అప్పు. తీర్చాల్సిందే, అందులో సందేహం లేదు, కానీ అప్పున్నంత మాత్రాన మనిషిని వీధిలో పెట్టేయొచ్చని చట్టం చెప్పదు.

ఖాళీ చేయమని అడిగే హక్కు ఓనర్‌కి ఉంది, కేసు వేసే హక్కూ ఉంది. బలవంతంగా బయటికి పంపే హక్కు మాత్రం చాలా దేశాల్లో లేదు, అది కోర్టు ఆర్డర్ మీద, అధికారం ఉన్న వాళ్ళే చేయాలి. తాళం మార్చేయడం, కరెంటు తీసేయడం, నీళ్ళు ఆపేయడం, సామాన్లు బయట పడేయడం, ఇవన్నీ బాకీ ఎంత ఉన్నా సరే తప్పే. ఇంగ్లాండ్‌లో అయితే 1977 చట్టం ప్రకారం ఇది ఏకంగా క్రిమినల్ నేరం. మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 ఉంది, చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని బయటికి నెట్టేస్తే ఆరు నెలల్లోపు కోర్టుకి వెళ్ళి ఇల్లు మళ్ళీ స్వాధీనం చేయమని అడగొచ్చు. ఆ ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది, అందుకని తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ఇంక నోటీసు సంగతి. నోటీసు రాగానే అంతా అయిపోయిందనుకుంటారు, నిజానికి కథ అక్కడే మొదలవుతుంది. కాలిఫోర్నియాలో మూడు రోజుల నోటీసు ఇస్తారు, అది చూసి మూడు రోజుల్లో ఇల్లు వదిలేయాలేమో అని హడలిపోయే వాళ్ళున్నారు. దాని అర్థం కట్టండి లేదా ఖాళీ చేయండి అని, అందులోనూ శని ఆదివారాలు, కోర్టు సెలవులు లెక్కలోకి రావు, ఆ గడువు దాటాక కూడా ఓనర్ కోర్టుకి వెళ్ళాల్సిందే. కాబట్టి నోటీసులో బాకీ ఎంతని రాశారు, ఏ నెలలది, గడువు ఎప్పటిదాకా, మీకు ఎలా అందింది, ఈ నాలుగూ చూసుకోండి. మీరు కట్టేసిన నెలని కూడా బాకీలో కలిపి రాస్తుంటారు, పట్టించుకోకపోతే అదే నిజం అయిపోతుంది.

చాలామందికి తెలియని ఇంకో సంగతి, కేసు పడ్డాక కూడా బాకీ కట్టి ఇల్లు నిలబెట్టుకునే అవకాశం చాలా చోట్ల ఉంటుంది. మన ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 1882 నాటిది, దాని సెక్షన్ 114లో విచారణ టైమ్‌లో బాకీ, దాని మీద వడ్డీ, కేసు ఖర్చులు కట్టేస్తే ఖాళీ చేయించే డిక్రీ, అంటే కోర్టు తీర్పు బదులు కిరాయిదారుకి ఊరట ఇవ్వొచ్చని ఉంది. ఇవ్వాల్సిందే అని లేదు, అది జడ్జి ఇష్టం, అందుకే అంతకుముందు మీరు ఎంత నిజాయితీగా ఉన్నారన్నది అక్కడ పనికొస్తుంది. న్యూయార్క్‌లో విచారణకి ముందే బాకీ మొత్తం ఇస్తే ఓనర్ తీసుకోవాల్సిందే. జర్మనీలో కేసు కాగితాలు అందిన రెండు నెలల్లోపు మొత్తం కట్టేస్తే, బాకీ వల్ల వెంటనే ఖాళీ చేయమని ఇచ్చిన నోటీసు చెల్లదు, కానీ రెండేళ్ళలో ఒక్కసారికే ఆ వెసులుబాటు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది ఎక్కడంటే, ఓనర్‌కి ఇల్లు ఖాళీ కావాలి, కానీ కారణం దొరకదు, అప్పుడు ఏం చేస్తారంటే అద్దె తీసుకోవడం మానేస్తారు. ఈ నెల వద్దులే తర్వాత చూద్దాం అంటారు, ఫోన్ ఎత్తరు, కిరాయిదారు కూడా పోనీలే అని ఊరుకుంటాడు, నాలుగు నెలలయ్యాక డిఫాల్ట్, అంటే అద్దె ఎగ్గొట్టాడని కేసు. దయచేసి ఊరుకోకండి. తీసుకోనంటే బ్యాంకులో వేయండి, ఏ నెల అద్దో అక్కడే రాయండి, అదీ కుదరకపోతే మనియార్డర్ పంపండి, వెనక్కి వచ్చిన రసీదు దాచుకోండి. మన దేశంలో చాలా రాష్ట్రాల అద్దె చట్టాల్లో రెంట్ కంట్రోలర్, అంటే అద్దె తగాదాలు చూసే అధికారి దగ్గర అద్దె డిపాజిట్ చేసే వీలు ఉంది, అయితే ఆ చట్టం మీ ఇంటికి వర్తిస్తుందో లేదో ముందు వకీలుని అడగండి. చేతికి నగదు ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడటం ఉంది చూశారూ, కేసుల్లో మనవాళ్ళని ముంచేది అదే.

సగమే ఉంటే సగమే ఇవ్వండి, కానీ మిగతాది ఎప్పుడిస్తారో రాసి, ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్‌లో అయినా తెప్పించుకోండి. సగం తీసుకున్నారు కదా ఇంక కేసు వేయరు అని మాత్రం అనుకోవద్దు. రిపేర్లు చేయట్లేదన్న కోపంతో మొత్తానికి అద్దె ఆపేయడం కూడా మంచిది కాదు, మీ వైపు న్యాయం ఉన్నా డిఫాల్టర్ మీరే అవుతారు, ఆ ఫిర్యాదు వేరే రాతపూర్వకంగా పెట్టండి.

కోర్టు నుంచి సమన్లు వస్తే వెళ్ళండి. వెళ్ళకపోతే ఓనర్ చెప్పిందే విని ఎక్స్‌పార్టీగా తీర్పిచ్చేస్తారు, పైన చెప్పిన హక్కులు అన్నీ వాడుకోకుండా కాగితం మీదే ఉండిపోతాయి. లాయర్‌కి డబ్బుల్లేవు అనుకునే వాళ్ళకి, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, మిగతా వాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది, 15100కి ఫోన్ చేస్తే ఎవర్ని కలవాలో చెప్తారు. వెళ్ళేటప్పుడు అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, నోటీసు కవరు కూడా తీసుకెళ్ళండి, కవరు మీద తేదీ ఉంటుంది, పారేయొద్దు.