పక్కింటి పాసోవర్ పండక్కి మాట్జో బాల్స్ చేసిన నా అనుభవం

మా పక్కింటి పెద్దావిడకి 80 దాటాయి, వాళ్ళ తాతలు తూర్పు యూరప్ నుంచి న్యూజెర్సీ వచ్చిన యూదులు. ఈసారి పాసోవర్‌కి వారం ముందు ఆవిడ మణికట్టు బెణికింది, పండగ రాత్రి భోజనానికేమో 15 మంది వస్తున్నారు, నేను చేసి పెడతానని వెళ్ళా.

ముందు పులిహోర తెస్తానన్నా. వద్దమ్మా అంది. ఆ ఎనిమిది రోజులూ పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు సరే, వాళ్ళ అష్కెనాజీ (తూర్పు యూరప్ వైపు యూదుల) ఆచారంలో బియ్యం, పప్పులు, ఆవాలు కూడా తినరంట, 2015లో యూదుల్లోనే కన్జర్వేటివ్ అనే శాఖ రబ్బీల (మతగురువుల) కమిటీ తినొచ్చు అన్నా సరే మా అమ్మ పెట్టనిది నేను పెట్టను అంది. అచ్చం మా అమ్మమ్మే.

బ్రిస్కెట్ అంటే ఛాతీ భాగం బీఫ్ కాబట్టి అది వాళ్ళ కోడలు ముందురోజే చేసేసింది. నాకు సూప్ పని ఇచ్చారు. కోడి, క్యారెట్, ఉల్లిపాయ, సెలెరీ, డిల్ ఆకు (మన సోయికూర) వేసి మూడు గంటలు సన్నసెగ మీద. మాంసం వంటలో పాలకి సంబంధించినవి కలపరు, అందుకే నెయ్యి వెన్న బదులు ష్మాల్ట్జ్, అంటే కోడి కొవ్వు, చర్మం ముక్కలు ఉల్లిపాయతో కాస్తే కరిగి దిగే కొవ్వు. అడుగున కరకరలాడే ముక్కలు మిగులుతాయి, నెయ్యి కాచాక గసికి ఎగబడినట్టు మేమిద్దరం నిలబడే తినేశాం.

ఇక ఆ సూప్‌లో వేసే ఉండలు, అవే మాట్జో బాల్స్. 4 గుడ్లు, కప్పు మాట్జో (పులవని పిండితో కాల్చిన పల్చటి రొట్టె) పొడి, పావు కప్పు ష్మాల్ట్జ్, పావు కప్పు సూప్, ఉప్పు, మిరియాలు, కలిపి గంట ఫ్రిజ్‌లో. పిండికి నీళ్ళు తగిలిన 18 నిమిషాల్లోపే కాల్చేస్తారు కాబట్టి మాట్జో పులవదు, దాని పొడి పండక్కి పనికొస్తుంది. నేనేమో సున్నుండల్లా గట్టిగా నొక్కి చుట్టేసి ఉప్పునీళ్ళలో వేశా, ఉడికాయా లేదా అని రెండుసార్లు మూత తీసి చూశా. కోస్తే లోపల పసుప్పచ్చగా, రాయిలా. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నాకు.

ఆవిడ రెండో వాయికి పక్కన కూర్చుని, చెయ్యి తడి చేసుకో, నొక్కకు, ఊరికే దగ్గరికి చేర్చు, 40 నిమిషాలు మూత ముట్టుకోకు అని చెప్పింది. మూత తీస్తే రెట్టింపై తేలుతున్నాయి, స్పూన్ పెట్టగానే విడిపోయేంత మెత్తగా. మరి మొదటివి పారేద్దామంటే చెయ్యి పట్టుకుని ఆపింది, మా ఆయనకి గట్టివే ఇష్టం, ఉంచు అంది. ఆయన పోయి మూడేళ్ళు.

పండగ రాత్రి యూదులు ఈజిప్టు నుంచి బయటపడ్డ కథ చదువుతూ ఆపిల్, వాల్‌నట్, దాల్చినచెక్క, వైన్ కలిపిన హరోసెత్‌ని హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంపతో తినిపించారు, ఉగాది పచ్చడే గుర్తొచ్చింది. సూప్ వచ్చేసరికి గంట దాటింది. అందరూ మెత్తవి వేసుకుంటుంటే వాళ్ళ పెద్దబ్బాయి మాత్రం గిన్నె ముందుకు జరిపి, నాన్న తినేవి ఉన్నాయా అని అడిగి రెండు వేయించుకున్నాడు.